పై వరుస ఇటుకలు

పరంజా మీద మోకాళ్ళు ఆనించి, మేస్త్రి చెక్క సుత్తితో ఇటుకను రెండుసార్లు తట్టాడు. మళ్ళీ తట్టాడు. ఏమీ వినపడలేదు. గోడ మొత్తం దూదితో కట్టినట్టుంది.

నలభై ఏళ్ళుగా ఆయన పని ఇదే, పాత కట్టడాల ఇటుకలను ఒక్కొక్కటిగా తట్టి చూడటం. గట్టి ఇటుక ఖంగుమంటుంది. లోపల వదులైనది డొల్లగా పలుకుతుంది. డొల్లదాని మీద సుద్దతో ఇంటూ గుర్తు పెడతాడు, వెనక వచ్చేవాళ్ళు దాన్ని తీసి కొత్తది పెడతారు. అంతకుమించి ఈ మనిషి గురించి చెప్పుకోడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. పొట్టివాడు. సున్నం తినేసిన వేళ్ళు. ఎడమ బూటుకు వేరే రంగు తాడు.

ఈ గిడ్డంగికి నూట ఇరవై ఏళ్ళు. దీని వీధివైపు గోడ మీద పేటవాళ్ళంతా కలిసి పెద్ద బొమ్మ వేయబోతున్నారు. బొమ్మల పంతులమ్మ గీతలు గీసి ఇస్తుంది, ఇంటికొక గడి చొప్పున వాళ్ళు రంగులు నింపాలి. పై వరుస గడులకు అందరూ జంకితే, చెయ్యెత్తింది ఆయన భార్యే. మా ఆయన తట్టి చూసిన గోడ, నాకేం భయం అందట. నిన్న రాత్రి ఆ సంగతి తెలిసినప్పటినుంచి ఆయనకు అన్నం సయించలేదు.

కుడి చెవి పోయి ఏడాది. కింది వరుసలు చూసేటప్పుడు ఎడమది పనిచేస్తూనే ఉంది, పైకి వచ్చేసరికి అదీ మొరాయించింది. ఇంట్లో అనుమానం రాలేదు. పిలిస్తే పలకరు గానీ నేను గొణిగింది మాత్రం బ్రహ్మాండంగా వినపడుతుందని ఆవిడ ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేది. ఆవిడ పెదాలు చూసి పోల్చుకునే ఆయనా నవ్వేసేవాడు. నిన్న గుత్తేదారుతో గోడ భేషుగ్గా ఉందని కూడా చెప్పేశాడు. చెప్పి, వీధి మలుపులో వెనక్కి తిరిగి చూశాడు. కింద ఇంటూలు పెట్టిన చోటల్లా కొత్త ఇటుకలు, మొత్తం యాభై. పైన చూరు కింద ఒక్కటీ లేదు. పైకప్పు నీళ్ళు మొదట ఇంకేదే అక్కడ.

అందుకే ఇవాళ పొద్దున్నే ఎక్కాడు. పదింటికి జనం వస్తారు.

జేబులోంచి కొలత పుల్ల తీశాడు. ఒక కొన ఇటుకకు ఆనించి, రెండో కొన పళ్ళతో కరిచిపట్టి, సుత్తితో తట్టాడు. దవడ ఎముకలోంచి చప్పుడు తలలోకి వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. పక్క ఇటుక తట్టాడు. డొల్ల. దాని పక్కదీ డొల్లే, పైదీ డొల్లే. చేతిలో సుద్ద అయిపోయింది గానీ డొల్ల ఇటుకలు అయిపోలేదు. పరంజాను గోడకు పట్టి ఉంచిన కొక్కెం కూడా ఆ ఇటుకల్లోనే దిగి ఉంది.

కిందకు చూశాడు. అప్పటికే జనం చేరారు. భార్య నీలం రంగు డబ్బా పట్టుకుని నిచ్చెన ఎక్కుతోంది. ఆగమని అరిచాడు. అరిచాడో, గొంతులోనే ఉండిపోయిందో ఆయనకే తెలియదు. ఆవిడ ఆగలేదు. పుల్ల అక్కడే పడేసి, అదే నిచ్చెన మీద ఆవిడకు ఎదురు దిగాడు.

"ఎక్కొద్దే. నాకు రెండు చెవులూ పోయాయి. గోడ బాగుందని చెప్పింది అబద్ధం."

ఆవిడ దిగింది. డబ్బా కింద పెట్టింది. ఆయన మొహానికి మొహం పెట్టి, పెదాలు నిదానంగా కదిపింది.

"నాక్కూడా చెప్పలేదేం మీరు?"

ఆయన వంగి, డబ్బాను గోడ కింద నుంచి దూరంగా జరిపాడు.

గుత్తేదారు పైకెక్కి ఒక ఇటుకను వేళ్ళతో లాగాడు. అది సొరుగులా చేతిలోకి వచ్చేసింది. దిగేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. తిట్టలేదు. మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి, వీధివైపు చూపించాడు. ఇంటికి పొమ్మనడం ఈ ఒక్కరోజుకే కాదని మేస్త్రికి అర్థమైంది.

భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. వీధి దాటేటప్పుడు అటూ ఇటూ ఆవిడే చూసింది.

పరంజా పై పలక మీద కొలత పుల్ల ఉండిపోయింది, ఒక కొనకు ఇటుక పొడి, రెండో కొనకు ఇంకా తడి ఆరని పంటిగాట్లు.