కూర్మమ్మ పట్టకారు

కంపౌండరు డేవిడ్‌రాజు కల్వంలో పంచదార నూరుతున్నాడు. మిషన్ ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోగులందరికీ వినబడాలని కల్వం మోగేటట్టు నూరుతున్నాడు. నూరి పొట్లం కడితేనే అది మందు. నూరని బిళ్ల మీద అక్కడెవరికీ నమ్మకం లేదు, నిజానికి అతనికీ లేదు. నూరి నూరి కుడి బొటనవేలు పక్కకు వాలిపోయింది. ఇంట్లో భార్య సత్యవతి చిటికెడు ఉప్పు అందించమన్నా కాగితంలో మడిచి ఇచ్చే మనిషి.

అలాంటివాడి చేతికి ఆమధ్య డాక్టర్ జ్ఞానసుందరి ఒక సీసా ఇచ్చింది.

"ఇవి కేన్సరు మాత్రలు. నూరకూడదు, విరవకూడదు, ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఆ పొడి నీకూ మంచిది కాదు. రోగి తప్ప ఇంకెవరూ మింగకూడదు."

కల్వం ముఖం చూడని మందేమిటని డేవిడ్‌రాజుకు చిన్నతనమైంది.

అసలు చిక్కు రోగితో వచ్చింది. భావనపాడులో ఎండుచేపలమ్మే కూర్మమ్మకు రక్తంలో కేన్సరు. ఆమె వీధిలో ఆసుపత్రి మందు ఎవరింటికొచ్చినా ఇంటింటికీ పంచాల్సిందే; ఒక్కతే మింగితే పరువు దక్కదు. పైగా పక్కింటి అసిరమ్మ కోడలు అమ్మడు కడుపుతో ఉంది. ఆ మాత్ర ఆ పిల్ల మింగిందా, లోపలి బిడ్డకే ముప్పు.

"నీకు మందు గానీ మిగతావోళ్లకి ఇసం, కూర్మమ్మా! పంచకు" అని బతిమాలాడు.

"ఒట్టి సేతుల్తో ఎలాగెల్తాను బావూ? ఈదిలో ఏటి సెప్పాల?"

అప్పుడు తట్టింది పంచదార. మాత్రలు చెంచాతో రేకుడబ్బాలో వేసి "ఇది నీకు" అన్నాడు. పంచదార పొట్లాలిచ్చి "ఇది ఈదికి" అన్నాడు. అయినా అనుమానం తీరక, ఆమె వచ్చినప్పుడల్లా ప్లీడరులా ప్రశ్నలు వేసేవాడు.

ఇవాళ ఆమె రావలసిన రోజు. భావనపాడు బస్సు వచ్చింది గానీ అందులోంచి అసిరమ్మ దిగింది. చాచిన చేతిలో పొయ్యి దగ్గరి పట్టకారు, దాని కొసన రేకుడబ్బా. దారంతా జనం ఆమెకు ఎడంగా నిలబడ్డారట, కండక్టరు టిక్కెట్టు కూడా అడగలేదట.

"కూర్మమ్మ నిన్న తెల్లారగట్ల మనల్నొదిలీసి ఎలిపోనాది బావూ. మిగిలిన మాత్రలు ఎవులూ ముట్టకండి, నా పట్టకారుతో పట్టుకెల్లి కంపౌండరుకిచ్చీండి అన్నాది. అమ్మడిని తన గుమ్మం తొక్కనిచ్చీది కాదు. మొన్న పురుడొచ్చినాది, ఆడపిల్ల. సుబ్బరంగా ఉన్నాది."

డేవిడ్‌రాజు డబ్బా అందుకుని, రోగులందరి ముందూ ఏడ్చేశాడు. ఇంత నిఖార్సయిన మనిషినా తాను అన్ని ప్రశ్నలు వేసింది!

"ఊరుకో బావూ" అంది అసిరమ్మ. "ఆ పొట్లాల పొడి మాత్రం మానీకు. నా మోకాళ్లని అదే నడిపిత్తన్నాది."

అతను ముక్కు తుడుచుకుని, కల్వంలో ఉన్నదంతా పొట్లాలు కట్టి ఇచ్చాడు. వాటిని కొంగున ముడేసుకుని, బస్సు కదులుతోందని ఆ మోకాళ్లతోనే పరుగెత్తింది అసిరమ్మ.

మందుల బల్ల మీద కూర్మమ్మ పట్టకారు ఉండిపోయింది, మసిబారి, పిడికి ఒక చేప పొలుసు అంటుకుని.