లోకల్ రేటు

ఫోన్‌లో శోభన గొంతు అంత తియ్యగా వినపడిందంటేనే బిమ్లాకి అర్థమైపోయింది, తనతో ఏదో పని పడిందని. ఆక్లండ్ వెళ్ళిపోయాక దీపావళికి ఒక మెసేజ్ తప్ప పలకరింపన్నది ఎరగని తోటికోడలు, ఇవాళ "అక్కా, అంతా అచ్ఛా హై? నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి?" అని అడిగింది. మోకాళ్ళు కూడా గుర్తుకొచ్చాయంటే పని చిన్నది కాదు.

చిన్నది కాదు మరి. ఫిజీ డే సెలవులకి నాందీ వస్తున్నారట. శోభన, మొగుడు రవీంద్ర, ఇద్దరు పిల్లలు, వాళ్ళతో పాటు శోభన అన్న కమలేష్, అతని పెళ్ళాం కామిని, వాళ్ళ పిల్లలిద్దరు. మొత్తం ఎనిమిది మంది. నాందీ దగ్గర కొత్తగా వాటర్ పార్క్ పెట్టారట. పిల్లలు ఇంటర్నెట్‌లో చూసి ఒకటే గోల. టిక్కెట్టు బయటి దేశం వాళ్ళకి తొంభై అయిదు డాలర్లు, లోకల్ వాళ్ళకి నలభై అయిదు.

"ఒక లోకల్ మనిషి ఓటరు కార్డు చూపించి, వీళ్ళు నా ఫ్యామిలీ అని ఫారం మీద సైన్ చేస్తే, మనకి కూడా లోకల్ రేటే అక్కా. తలకి యాభై సేవ్. ఎనిమిది మందికి నాలుగు వందలు! నీ ఫెర్రీ, నీ బస్సు అంతా నేనే ఇస్తా. నువ్వు లోపలికి రావాల్సిన పని కూడా లేదు, పార్క్ వాళ్ళకి ఫోన్ చేసి అడిగినా. సైన్ చేసి బయట నీడలో కూర్చోవచ్చు."

లోపలికి రానక్కర్లేదట! ఆ ముక్క కూడా ముందే కనుక్కుందట! బిమ్లాకి అరికాలి మంట నెత్తికెక్కింది. లౌతోకాలో శోభన వైపు వాళ్ళంతా ఎప్పుడో వలస పోయారు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే లబాసాలో చెరకు కొట్టుకునే బావగారి ఇల్లు దీనికి గుర్తొచ్చేదా? నోటిదాకా వచ్చిన తిట్టుని మింగి, "వస్తా అమ్మా, ఎందుకు రాను," అంది. ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడి ఒక్కతే నవ్వుకుంది. ఆ నవ్వు చూసి మొగుడు శివ ప్రసాద్‌కి భయమేసింది.

"వద్దు బిమ్లా. నాలుగేళ్ళు అయిపోయింది. వదిలెయ్," అన్నాడు.

"నీకేం, వదిలేస్తావు. ఇరవై డాలర్లు నీ చేతిలో పెట్టలేదుగా."

ఆ ఇరవై డాలర్ల కథ ఇది. నాలుగేళ్ళ కిందట, శోభన వాళ్ళింకా లౌతోకాలో ఉన్నప్పుడు, ఇంట్లో సత్యనారాయణ కథ చెప్పించింది. బిమ్లా రెండు రోజుల ముందే లబాసా నుంచి వచ్చి, నలభై మందికి పూరీలు వత్తి, గుమ్మడికాయ కూర వండి, వంటింట్లోంచి బయటికి తొంగి చూడలేదు. ఆక్లండ్ నుంచి ఆ ఇంటికి మొదటిసారి వచ్చిన కామిని లోపలికొచ్చి, "ఈమె ఎవరు?" అని అడిగింది. చేతులనిండా పిండితో, పాత నైటీలో, పొలం గట్లమీద పగిలిన పాదాలతో ఉన్న మనిషిని చూపించి, శోభన ఏమందో తెలుసా? "లబాసా సే ఆయిస్ హై. కిచెన్‌లో హెల్ప్ కోసం." అంతే. లబాసా నుంచి వచ్చిన పనిమనిషని చెప్పి చక్కా పోయింది.

పోనీ, శోభన పరాయి పిల్ల. పరాయి నోటి మాట బిమ్లా ఎన్ని దులుపుకోలేదు! కానీ అప్పుడు గుమ్మంలో మరిది రవీంద్ర ఉన్నాడు. మగవాళ్ళు తాగే యంగోనా కలపడానికి గిన్నెతో నీళ్ళకొచ్చాడు. ప్రతి అక్షరం విన్నాడు. బిమ్లా వాడి ముఖంలోకి చూసింది. పంతొమ్మిదేళ్ళకి వాళ్ళింటికి కోడలిగా వచ్చిన మరుసటేడే అత్త పోతే, ఆరేళ్ళ రవీంద్రకి ముద్దలు కలిపి పెట్టింది ఎవరు? జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని వాళ్ళమ్మ మాట్లాడే తెలుగులోనే వాడికి కబుర్లు చెప్పింది ఎవరు? సువాలో అకౌంట్స్ చదవడానికి చెరకు డబ్బుల్లోంచి ముందు వాడి ఫీజు తీసి పక్కన పెట్టింది ఎవరు? వాడు ఒక్క ముక్క అంటే చాలు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు, గిన్నె నింపుకున్నాడు, వెళ్ళిపోయాడు.

సాయంత్రం పోతూ పోతూ కామిని పాపం మంచి మనసుతోనే బిమ్లా చేతిలో ఇరవై డాలర్ల నోటు పెట్టి వేళ్ళు మూసింది. ఆ నోటు బిమ్లా బస్టాండు పక్క గుడి హుండీలో పడేసింది. నోటు పోయింది గాని మంట పోలేదు.

ఇప్పుడు ఆమెకి కావలసింది ఒక్కటే. ఆ కామిని ఎదుట రవీంద్ర నోరు తెరిచి ఈమె నన్ను పెంచిందని అనాలి. అన్నాడా సరే. అనలేదా, వాడికీ వాడి పెళ్ళానికీ నలుగురిలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా చేసి రావాలి. లబాసా నుంచి బస్సులో, ఫెర్రీలో, మళ్ళీ బస్సులో ఒక పగలూ రాత్రీ ప్రయాణం చేస్తూ ఆమె ఇదే తిప్పి తిప్పి అనుకుంది. పక్క సీట్లో ముసలాయన మాట కలపబోతే ఊ కూడా కొట్టలేదు.

పార్క్ గేటు దగ్గర పొద్దున్న తొమ్మిదికే లైను. లోపల ఎత్తైన నీలం గొట్టాల్లోంచి పిల్లలు అరుస్తూ జారి నీళ్ళలో పడుతున్నారు. శోభన బిమ్లాని చూడగానే ఎదురొచ్చి, భుజం మీద చెయ్యేసి, మిగతా వాళ్ళకి దూరంగా కౌంటర్ వైపు నడిపించింది.

"కార్డు ఇటివ్వక్కా. నేను చూపిస్తా. నువ్వు సైన్ ఒక్కటి పెట్టు, మాట్లాడేది నేను చూసుకుంటా."

"నా కార్డు నా చేతిలోనే ఉంటది," అంది బిమ్లా. అని వెనక్కి తిరిగి, చెరకు కోసేవాళ్ళని గట్టు మీంచి కేకేసే గొంతుతో పిలిచింది. "ఓ కామినీ! పిల్లల్ని తీసుకుని ఇటు రా అమ్మా! రవీంద్రా, నువ్వు కూడా రా! అందరూ రావాల, మనుషుల్ని చూసిగానీ టిక్కెట్టు ఇవ్వరంట!"

అలాంటి రూలేం లేదు. శోభన చెయ్యి బిమ్లా భుజం మీంచి జారిపోయింది. ఎనిమిది మందీ వచ్చి కౌంటర్ ముందు గుమిగూడారు.

కౌంటర్లో ఉన్నది చెవిలో పువ్వు పెట్టుకున్న ఫిజియన్ పిల్ల. "బులా ఆంటీ," అని పలకరించి నవ్వి, కార్డు తీసుకుని చూసి, ఫారం ముందు పెట్టి హిందీలోనే అడిగింది. "ఈ సబ్ తుమార్ ఫ్యామిలీ?"

"నన్నెందుకు అడుగుతావు బేటీ? వాళ్ళనే అడుగు, నేనేమవుతానో."

"ఫ్యామిలీ, ఫ్యామిలీ," అంది శోభన హడావుడిగా. "అక్కా, సైన్ చెయ్."

"ఏం వరసో రాయాలి," అంది ఆ పిల్ల పెన్ను పట్టుకుని.

శోభన ఫారం తన వైపుకి లాక్కోబోయింది. ఈలోగా కామిని బిమ్లా ముఖంలోకి పరీక్షగా చూసి, "అరే, మీ లౌతోకా ఇంట్లో కిచెన్‌లో పనిచేసిన ఆంటీ కదూ? పూరీలు ఎంత బాగా చేశారు! నాకు గుర్తుంది," అంది సంబరంగా.

కౌంటర్ పిల్ల పెన్ను ఆగిపోయింది. "పనిచేసే ఆంటీ అయితే ఫ్యామిలీ కాదు. అబద్ధం రాస్తే నా నౌకరీ పోతది మేడమ్. తొంభై అయిదు చొప్పున కట్టాలి."

ఏడు వందల అరవై! శోభన ముఖం పాలిపోయింది. వెనక లైనులో ఎవరో త్వరగా కానివ్వమని విసుక్కున్నారు.

బిమ్లా కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి, ఏళ్ళ తరబడి దాచుకున్నదాన్ని నింపాదిగా బయటికి తీసింది. "చెప్పు శోభనా. ఆ రోజు కామినికి చెప్పింది నిజమా, ఈ రోజు ఈ పిల్లకి చెప్పేది నిజమా? రెండూ నిజం కావు కదా. ఏది కావాలో ఎంచుకో. తొందరేం లేదు, నా ఫెర్రీ రేపు."

"మా ఆయన వదిన," అంది శోభన పళ్ళ మధ్య నుంచి.

"వినపడలేదు కామినికి."

"మా ఆయన సొంత వదిన! ఆయన్ని పెంచింది ఈమే. చాలా?"

చాలా అంటే? బిమ్లాకి కడుపు నిండా తిన్నంత తృప్తిగా ఉంది. కామిని ముఖం ఎర్రబడి, నల్లబడింది. "మరి ఆ రోజు... నేను ఆమె చేతిలో డబ్బులు పెట్టానే! నీ ఎదురుగానే పెట్టాను కదా శోభనా, నువ్వు చూస్తూ ఊరుకున్నావా? ఛీ!" అని, పిల్లల చేతులు పట్టుకుని రెండడుగులు దూరంగా జరిగింది. కమలేష్ చెల్లెలి వైపు చూడలేక గొట్టాల వైపు చూశాడు. శోభన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరగనీ! తను ఆ వంటింట్లో ఎన్ని మింగింది?

ఇక మిగిలింది ఒక్కడు. బిమ్లా రవీంద్ర వైపు చూసింది, నాలుగేళ్ళ కిందట గుమ్మంలో చూసినట్టే చూసింది. ఈసారి వాడు కదిలాడు. జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు, కౌంటర్ మీద చెయ్యి పెట్టాడు, ఆ పిల్లతో ఇంగ్లీషులో అన్నాడు, "షీ ఈజ్ మై మదర్."

బిమ్లా గుండె ఒక్కసారి పైకి లేచింది. వదిన అనలేదు, పెంచిందని కూడా అనలేదు. ఏకంగా తల్లి అన్నాడు! ఆ మాట కోసమే కదా ఇంత దూరం వచ్చింది. కళ్ళు తుడుచుకోబోతూ కిందికి చూసింది. కౌంటర్ మీద వాడి రెండో చేతిలో పర్సు తెరిచి ఉంది. లోకల్ రేటుకి సరిపడా నోట్లు లెక్కపెట్టి, వేళ్ళ మధ్య పట్టుకుని ఉన్నాడు.

ఆమెకి ఒళ్ళంతా భగ్గుమంది. పూరీల వేడిలో మాడుతూ కళ్ళతో అడిగినప్పుడు రాని మాట, నాలుగు వందలు మిగులుతాయంటే వచ్చిందా? 

"వావ్, ఆంటీ, మీ అబ్బాయా? అయితే ఇక్కడ సైన్ చెయ్యండి," అంది కౌంటర్ పిల్ల నవ్వుతూ.

"కాదు," అంది బిమ్లా. "నా కొడుకు కాదు. వీళ్ళెవరూ నా వాళ్ళు కారు." కార్డు లాక్కుని జాకెట్లో దోపుకుంది. ఇంకెవరి ముఖమూ చూడకుండా గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది.

బస్ స్టాప్ దాకా ఆమె నడవలేదు, తేలింది. శోభన ఏడుపు ముఖం, కామిని ఛీ అనడం, మళ్ళీ మళ్ళీ తలచుకుని లోలోపల నవ్వుకుంది. శివ ప్రసాద్‌కి ఎట్లా చెప్పాలో మాటలు కూడా పేర్చుకుంది. బెంచీ మీద కూర్చున్నాక గానీ నవ్వు ఆగలేదు. ఆగాక ఏమీ తోచలేదు. వాడు నలుగురిలో నోరు మూసుకున్నాడు, నిజమే. కానీ నా కొడుకు కాదని నలుగురిలో నోరు తెరిచి అన్నది ఎవరు? ఆ మాట రవీంద్ర కూడా ఎన్నడూ అనలేదే! అది తలచుకోగానే బిమ్లా గేటు వైపు తిరిగి చూసింది. వెంటనే మళ్ళీ వాడి పర్సు గుర్తొచ్చింది, కోపం తిరిగొచ్చింది. కోపమే హాయిగా ఉంది.

లౌతోకా మీదుగా పోయే బస్సు వచ్చింది. కిక్కిరిసి ఉందని తనకి తనే చెప్పుకుని ఎక్కలేదు. నిజానికి సగం సీట్లు ఖాళీ.

కాసేపటికి రవీంద్ర వచ్చాడు. చేతికి పార్క్ వాళ్ళు కట్టిన పసుప్పచ్చ పట్టీ ఉంది, ఒంటి మీద మాత్రం నీటి చుక్క లేదు. బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి, చేసిన తప్పుకి దెబ్బలు పడతాయని తెలిసి వచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు.

"మొత్తం కట్టేసినా వదినా. టూరిస్టు రేటే. ఏడు వందల అరవై," అన్నాడు.

"మంచి పని చేసినావు. నీ దగ్గర ఉంది, కట్టినావు."

"ఆ రోజు లౌతోకాలో నేను విన్నా."

"తెలుసు."

"సిగ్గేసింది నాకు. నిన్ను చూసి కాదు. కామిని ముందర శోభనని అబద్ధాలకోరు చెయ్యాలంటే... భయమేసింది. నాలుగేళ్ళు రోజూ అనుకున్నా నీకు ఫోన్ చెయ్యాలని."

"అనుకుంటే ఫోన్ మోగదు."

వాడు తల దించుకున్నాడు. రోడ్డు మీద చెరకు లారీ ఒకటి గడగడలాడుతూ పోయింది. అది దాటిందాకా ఆగి, "ఇప్పుడు నాకు మిగిలేది ఏం లేదు. ఒక్క సెంటు కూడా లేదు. ఆ మాట ఇప్పుడంటే నమ్ముతావా?" అన్నాడు.

బిమ్లా ముందుకే చూస్తూ కూర్చుంది. స్టాప్‌లో ఇద్దరు స్కూలు టీచర్లు, కూరగాయల మూటలతో ఒక ఆవిడ ఉన్నారు. అందరి చెవులూ ఇటే ఉన్నాయి.

"అమ్మా," అన్నాడు రవీంద్ర, గొణిగినట్టుగా, తెలుగులో.

"ఏమన్నావు? నాకు వినపడలేదు."

"అమ్మా."

"ఆ రోజు వంటింట్లో శోభన ఇంకా గట్టిగా మాట్లాడింది."

వాడు గేటు వైపు చూశాడు. అక్కడ శోభన నిలబడి ఇటే చూస్తోంది, పక్కన కామిని కూడా. వాడు చూసింది బిమ్లా గమనించింది, ముఖం తిప్పుకుంది. వాడు బెంచీ మీంచి లేచి నిలబడి, గొంతు చించుకుని అరిచాడు. "అమ్మా!" మూటలావిడ ఉలిక్కిపడింది. టిక్కెట్ల లైనులో జనం వెనక్కి తిరిగి చూశారు. గేటు దగ్గర శోభన ముఖం రెండు చేతులతో కప్పుకుంది.

బిమ్లా కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అయినా గొంతు మాత్రం మెత్తబడనివ్వలేదు. ఇంకో బస్సు వచ్చి ఆగింది, డ్రైవర్ ఎక్కుతారా అని అడిగాడు, ఆమె చేత్తోనే పొమ్మంది.

"ఇంకోసారి," అంది రవీంద్రతో.