సిన్నోవె వెంట వచ్చిన జాడ

ఏప్రిల్ రెండో వారంలో ఆఖరి పందెం అయిపోగానే సిన్నోవె ఇంటికొచ్చి పడింది. స్కీ పందేలవాళ్ళకు ఏడాది మొత్తంలో ఆ మూడు వారాలే సెలవు. మే ఒకటిన మళ్ళీ పరుగులు మొదలు. అందాకా పొద్దెక్కేదాకా పడుకోవడం, అమ్మ వేసే వాఫుల్స్ మీద గోధుమరంగు చీజు పెట్టుకుని తినడం, మధ్యాహ్నం దక్షిణం గోడకు చేరగిలబడి ఎండలో నారింజలు ఒలుచుకోవడం. అంతకుమించి పనేం ఉండదు.

బస్సు దిగిన దగ్గర్నుంచి స్కీల జాడ కూడా ఆమె వెంటే వచ్చింది. జానెడు ఎడంతో రెండు మంచు గీతలు, ఆమె మడమల వెనకాల పది బారల పొడవున. తారు రోడ్డు మీదా, గడ్డి మీదా, వంటింటి చెక్కనేల మీదా ఒకటే తీరు, కరగదు. అమ్మ దాని కింద పాత దుప్పటి పరిచి, పద వచ్చి తిను అంది. ఊళ్ళో కొట్టు నడిపే ఓసే అనే ఆవిడ మటుకు ఊరుకోలేదు. దాన్ని బంగాళాదుంపల పక్కకి లాక్కోవే, నిన్న పాస్టరుగారు జారి కూలబడ్డారు అని దులిపేసింది.

అది ఏ పందెం జాడో సిన్నోవెకు తెలుసు. మార్చిలో ముప్పై కిలోమీటర్ల పందెం, చివరి మిట్ట. మూడో స్థానంలో ఉన్నదల్లా అక్కడ ఏడుగురిని ముందుకు వదిలేసింది. ముగింపు గీత దాటాక టీవీవాళ్ళు మైకు మూతి దగ్గర పెట్టారు. "స్కీలు పట్టలేదు" అనేసింది.

ఆ రెండు మాటల అర్థం మా దేశంలో చంటిపిల్లకైనా తెలుసు. స్కీ అడుగున రాసే మైనం ఆ రోజు మంచుకు కుదరాలి. కుదరకపోతే మిట్ట ఎక్కేటప్పుడు కాలు వెనక్కి జారుతుంది. అప్పుడు తప్పు కాళ్ళది కాదు, మైనం రాసినవాడిది. అలా మైనం తప్పడానికి స్మోరెబోమ్ అని తిట్టులాంటి పేరొకటి. ఆ రోజు మైనం రాసింది ఆమె తండ్రి హల్‌స్టీన్, ముప్పై ఏళ్ళుగా జట్టుకు రాస్తున్న మనిషి.

నిజానికి స్కీలు బ్రహ్మాండంగా పట్టాయి. మొదటి చుట్టులోనే ఆత్రపడి ఉన్న సత్తువంతా ఊడ్చేసుకుంది, అంతే. అది చెప్పుకోడానికి నామోషీ వేసింది. అందరూ అనేదే కదా, రేపటికి మర్చిపోతారులే అనుకుంది. జనం మర్చిపోయారు కూడా. హల్‌స్టీన్ మర్చిపోలేదు. వారం తిరక్కుండా జట్టుకు రాజీనామా రాసిచ్చాడు. పక్క లోయ క్లబ్బువాళ్ళు మా దగ్గరికి రమ్మని రెండుసార్లు ఫోన్ చేస్తే, నా చేతికి మంచు తెలియడం మానేసింది, ఇంకెవర్నైనా చూసుకోండన్నాడట.

ప్రతి వసంతంలో కూతురి స్కీలకు వేసవి మైనం దట్టంగా పట్టించి అటకెక్కించేది ఆయనే. ఈసారి షెడ్డు వైపు కన్నెత్తి చూడలేదు. భోజనాల దగ్గర ఉన్నట్టుండి, నీలం మైనం ఇంకో పూత వెయ్యాల్సింది అని తనలో తనే అనుకునేవాడు. సిన్నోవె పళ్ళెం తీసుకుని లేచిపోయేది. చెప్పెయ్యాలి, ఇవాళే చెప్పెయ్యాలి. ఈస్టరు వెళ్ళనీ. ఈస్టరు వెళ్ళింది. పోనీ నెలాఖరుకు. ఇలాంటి పిల్లని చూస్తే ఒళ్ళు మండుతుంది గానీ, మనమైనా అంతే చేస్తాం.

ఏప్రిల్ ఇరవయ్యెనిమిదిన పొద్దున ఆమె కాఫీ తాగుతోంది. హల్‌స్టీన్ ఫ్రిజ్ దగ్గరికి వెళ్తూ జాడ దాటబోయి ఆగాడు. మోకాళ్ళ మీద కూర్చుని, అలవాటు కొద్దీ అరచెయ్యి ఆనించాడు. చిటికెడు తీసి నలిపాడు. సొరుగులోంచి థర్మామీటరు తెచ్చి గుచ్చాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, గీత వెంబడి ఈ కొస నుంచి ఆ కొసదాకా పాక్కుంటూ వెళ్ళాడు.

"సున్నాకు నాలుగు కింద. పాత మంచు మీద కొత్త పొడి. ఆ రోజు మిట్ట మీద ఉన్న మంచే" అన్నాడు. "కాలు జారిన చోట మంచు నున్నగా మెరుస్తుంది. ఇందులో అలాంటి చోటు ఒక్కటీ లేదు."

సిన్నోవె కప్పు కింద పెట్టింది.

"స్కీలు పట్టాయని నీకు తెలుసా తల్లీ?"

"తెలుసు నాన్నా."

"ఎప్పట్నించి?"

"ఆ మాట అనేటప్పుడే తెలుసు."

ఆయన తిట్టలేదు. తిట్టినా బావుండేది. ఇప్పుడే పేపరువాళ్ళకి ఫోన్ చేస్తాను, అందరి ముందూ నాదే తప్పని ఒప్పుకుంటాను అని ఆమె ఏడ్చింది. జనం సంగతి పోనిమ్మన్నాడు. "ఆరు వారాలు నా చేతినే నేను నమ్మలేదు, సిన్నోవె" అన్నాడు. అంటూ లేచి నిలబడితే వీపు నిటారుగా అయింది. ఎన్నాళ్ళకో ఆ మొహంలో కాస్త కళ కనబడింది. అది చూసి ఆమెకు సంతోషమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

హల్‌స్టీన్ పక్క లోయ క్లబ్బుకు ఫోన్ చేశాడు. మనిషి ఇంకా కావాలా అని అడిగాడు. సరే, నవంబరు నుంచి వస్తానన్నాడు.

"మరి నా స్కీలు?" అంది సిన్నోవె.

"నీవి ఇక నువ్వే రాసుకో తల్లీ. పట్టకపోతే ఎవర్ని అనాలో వెతుక్కోనక్కర్లేదు."

ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. నవంబరులో అన్నట్టే వెళ్ళాడు. ఇప్పుడు పందేల దగ్గర ఎదురుపడితే ఆగి, పొద్దున ఏమైనా తిన్నావా అని అడుగుతాడు. తిన్నాను నాన్నా అంటుంది. తల ఊపి, ఎవరెవరి స్కీలో భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు.