శుక్రవారం లోగా జోడీ

మా వైస్ ఛాన్సలర్‌గారు కొత్త వ్యూహం ప్రకటించారు. ఇకమీదట ఏ శాఖా ఒంటరిగా పరిశోధన చేయకూడదు. ప్రతి దరఖాస్తు మీదా రెండు వేరువేరు శాఖల సంతకాలు ఉండాలి. గడువు శుక్రవారం సాయంత్రం. జోడీ దొరకనివాళ్ళ గదులూ స్థలాలూ వెనక్కి తీసుకుంటారు.

నాది మట్టి శాస్త్రం. లైబ్రరీ వెనకున్న చిన్న మడిలో ఎనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే నేల తేమ కొలిచి రాసుకుంటున్నాను. ఆ మడి తీసుకుంటే అక్కడ కార్లు నిలుపుతారు. నా ఎనిమిదేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరవుతాయి.

రసాయన శాఖకి వెళ్తే వాళ్ళకి అప్పటికే సంబంధం కుదిరిపోయింది. భూగోళం వాళ్ళు ఆలోచించి చెబుతామన్నారు, అంటే చెప్పరని అర్థం. గురువారానికి జోడీ దొరకనివాళ్ళ జాబితాలో నాతోపాటు మిగిలింది గణాంక శాఖలో ఒకే ఒక్కాయన. ఎవరు ఏ కాగితం చూపించినా తప్పులు పట్టి పంపుతారని అందరూ ఆయన్ని ఎర్రపెన్ను అంటారు.

ఎర్రపెన్నుగారు మా ఆయన.

మా ఇంట్లో భోజనాల దగ్గర ఉద్యోగం మాట ఎత్తకూడదు. పెళ్ళైన కొత్తలో ఏదో సూత్రం గురించి వాదించుకుని ఇద్దరం కంచాల ముందునుంచి లేచిపోతే మా అత్తగారు పెట్టిన నియమం అది. దాని చాటున పద్దెనిమిదేళ్ళు హాయిగా దాక్కున్నాను. నిజం చెప్పాలంటే ఆయన పెన్ను నా మట్టి మీద పడుతుందంటే నాకు భయం. బయటివాళ్ళు తప్పంటే కోపమొస్తుంది, ఆయన తప్పంటే ఏడుపొస్తుంది.

ఆ పూట ఇద్దరం ముఖాలు వేలాడేసుకుని తింటున్నాం. అత్తగారు చూసి చూసి గరిటె కింద పెట్టారు.

“ఏమిటర్రా ఇది? పొద్దున వాడు జోడీ దొరకలేదన్నాడు. ఇందాక నువ్వూ అదే పాట. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఇవాళ్టికి నా రూలు రద్దు, మాట్లాడుకోండి.”

“నన్నడగొచ్చుగా?” అన్నారాయన మెల్లగా.

“మీరు అడిగారా?”

“నువ్వు కాదంటావేమోనని...”

ఎర్రపెన్నుకీ భయమేనన్నమాట! నాకు నవ్వాగలేదు.

కంచాలు తీసేసి బల్ల మీద నా ఎనిమిది పుస్తకాలూ పెట్టాను. ఆయన పేజీలు తిప్పుతున్నంతసేపూ నేను కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. చివరికి పిలిచారు.

“వానలో కూడా వెళ్ళేదానివా? బాగా చేశావు. కానీ ఐదో పుస్తకంలో వరసగా పదకొండు రోజులు ఖాళీగా ఉన్నాయి. కారణం రాయలేదు, అది తప్పు.”

పట్టేశారు!

“తేదీ చూడండి,” అన్నాను.

చూశారు. గుండె ఆపరేషనై ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజులవి. నేను ఆ మంచం పక్కనుంచి కదల్లేదు.

ఆయన ఆ పదకొండు ఖాళీల మీదా వేలు పోనిచ్చారు. తర్వాత, “అటూ ఇటూ ఉన్న అంకెలు చూసి ఇలాంటి ఖాళీలు నింపే పద్ధతులు మా దగ్గర చాలా ఉన్నాయి,” అన్నారు. “కానీ వీటిని నింపను. ఇలాగే ఉండనీ.”

దరఖాస్తు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. దాని పక్కనే నేను నాది పెట్టాను.