తలుపు దొంగలు

ఆ రొయ్యల ఫ్యాక్టరీ యజమానులకు రొయ్యల మీద ఉన్న ప్రేమ మనుషుల మీద లేదు. విదేశాలకు పోయే సరుకని పూటపూటా పరీక్షలు. జువ్వలదిన్నె నుంచి షేర్ ఆటోల్లో వచ్చి ఆ రొయ్యలు ఒలిచే నలభైమంది ఆడవాళ్ళకు మాత్రం రొయ్యలు దాచుకుపోతారని సాయంత్రం గేటు దగ్గర నడుములు తడిమి సోదా. వాచ్‌మన్ చెయ్యి వాళ్ళలో ఒకతైన రెజీనా రవిక మీద పడిననాడు అందరికీ పెద్దదిక్కయిన పేరమ్మ తిరగబడింది.

"ఇంకోసారి చెయ్యేస్తే నరుకుతా! అంత అనుమానముంటే మమ్మల్ని లోపలపెట్టి షెడ్డుకు తాళమేసుకోండి. పనైనాక సరుకు లెక్క చూసుకుని తియ్యండి."

మేనేజరుకు కావలసిందీ అదే. తాళం పడింది, సోదా ఆగింది. గెలిచామనుకుని ఆడవాళ్ళు సంబరపడ్డారు, పాపం.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఐసుగది గొట్టం పగిలి అమ్మోనియా గ్యాసు షెడ్డంతా కమ్ముకుంది. తలుపు బాదారు, అరిచారు. తాళంచెవి ఉన్న వాచ్‌మన్ అన్నానికి పోయాడు. వాడొచ్చి తీసేసరికి రెజీనా గడప దగ్గరే ప్రాణం వదిలింది.

మర్నాడు కంపెనీ ముందుగా గ్యాసు తగిలిన రొయ్యలను పరీక్షకు పంపింది. తర్వాత విచారణకొచ్చిన అధికారికి మేనేజరు పేరమ్మను వేలెత్తి చూపించాడు.

"తాళం అడిగింది వాళ్ళే సార్. ఇదిగో, ఈ పేరమ్మే."

అధికారి రాసుకున్నాడు. పేరమ్మ కూలబడిపోయింది. నిజమే కదా, అడిగింది తనే.

"నేనే చంపినానే దాన్ని!"

రోజూ పక్కన కూర్చుని రొయ్యలు ఒలిచే విజయకుమారి ఆమె భుజం పట్టి కుదిపింది. "లెయ్యి పెద్దమ్మా! మానం గావాలంటే ప్రాణం, ప్రాణం గావాలంటే మానం ఇయ్యాలంట. ఈ బేరం పెట్టిందెవురు? నువ్వా?"

పేరమ్మ లేచింది. కొంగు బిగించి, గడ్డపార తెచ్చి షెడ్డు తలుపు బందులు పెకలించింది. ముప్పైతొమ్మిది మందీ ఆ ఇనుప తలుపును మోసుకెళ్ళి ఎమ్మార్వో ఆఫీసు ముందు పడేసి, దాని మీదే కూర్చున్నారు. తాళం వద్దు, సోదా వద్దు, రెజీనా చావుకు జవాబు చెప్పమన్నారు.

సాయంత్రానికి ఎస్సై వచ్చాడు. చావు మీద కేసు ఇంకా రాయలేదట. తలుపు దొంగతనం మీద రాశారట. సిగ్గులేని రాజ్యం!

"పీకిందెవరు? పేరు చెప్పండి."

"నేనే సామీ," అంది పేరమ్మ. "తాళం అడిగిందీ నేనే, తలుపు పీకిందీ నేనే. అయితే ముందు రెజీనాని చంపినోళ్ళ పేరు రాయి. ఆ కింద మా పేర్లన్నీ రాసుకో."

ఎస్సై కలం జేబులో పెట్టుకున్నాడు. పేరమ్మ తనే పోయి జీపెక్కింది. ఆమె వెనక ఒకరొకరే ఎక్కుతుంటే జీపు చాల్లేదు. మిగిలినవాళ్ళు తలుపును మళ్ళీ భుజాలకెత్తుకుని స్టేషనుకు నడిచారు.