ఆరో మీట
నేను ఒక లెక్కపెట్టెను. ఇనుప ఒళ్లు, వరసగా ఆరు మీటలు, పొట్టలో చిన్న గంట. తెల్లరక్తకణాలను రకాలవారీగా లెక్కించడం నా పని. మైక్రోస్కోపులో కన్ను పెట్టినవారు ఒక్కో కణానికి ఒక్కో మీట నొక్కుతారు, నూరు కాగానే గంట కొడతాను. ఐదు మీటలు మామూలు కణాలవి. ఆరోది రక్తంలో ఉండకూడని పసికణాలది. అవి కనిపిస్తే రక్త క్యాన్సరేమోనని అనుమానించాలి. ఆ మీటంటే నాకూ భయమే.

ఒక కాలేజీలో విద్యార్థుల చేతుల్లో చావుదెబ్బలు తిని, జగిత్యాలలో చిన్న ల్యాబ్‌కు చేరాను. టెక్నీషియన్ సులోచన దగ్గర పద్దెనిమిదేళ్లు సుఖంగా బతికాను. ఆపైన పెద్ద యంత్రం వచ్చింది. కొత్తది రాగానే మనుషులకు పాతది కంటికి ఆనదు కదా! నన్ను బీరువా ఎక్కించి, నెత్తిన దూది కట్టలు పెట్టారు.

మొన్న ఆ యంత్రం పదహారేళ్ల హారిక రక్తానికి 'పసికణాలు ఉండవచ్చు' అని ఎర్ర గుర్తు పెట్టింది. పిల్లకు వారంగా జ్వరం, గొంతునొప్పి, మెడలో గడ్డలు. ఆ సంగతి పిల్ల తల్లి చెవిన ఎవరో వేశారు. బీడీలు చుట్టే లచ్చవ్వ బయట బల్ల మీద బిగుసుకుపోయి కూర్చుంది.

సులోచన నన్ను దింపి దుమ్ము తుడిచింది. గాజుపలక మీద పరిచిన రక్తాన్ని చూస్తూ లెక్క మొదలుపెట్టింది. ఆరో మీట ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. ఉన్నట్టుండి నాలుక కరుచుకుంది.

"అయ్యో, కొసకు చూస్తున్న గద!"

రక్తపు పొర పలచబడే కొసలో కణాలు సాగి, నలిగి, ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తాయి. భయపడ్డ కన్ను పెద్దవాటినే వెతుక్కుంటూ అక్కడికి పోయింది. అంత అనుభవం ఉండీ కంగారులో పప్పులో కాలేసింది.

నన్ను సున్నాకు తిప్పి, ఎర్రకణాలు విడివిడిగా పరుచుకున్న చోట మళ్లీ మొదలుపెట్టింది. పెద్ద కణాలు ఇక్కడా ఉన్నాయి. కానీ వాటి అంచులు పక్కనున్న ఎర్రకణాలను హత్తుకున్నాయి, నడుమనున్న కేంద్రకం ముదిరి గట్టిపడింది. వైరస్‌తో పోరాడి ఉబ్బిన లింఫోసైట్లు అవి, మామూలు తెల్లకణాలే. వాటిది రెండో మీట. మళ్లీ రెండో మీట. గంట మోగింది. ఆరోది సున్నా. డాక్టర్ విద్యాధరి కూడా వచ్చి, పలక అంతా చూసి, అవునంది.

"లచ్చవ్వా, క్యాన్సర్ కణాలు లెవ్వు. వైరస్ జ్వరమే. రెండు వారాలకు మళ్లొక్కసారి రక్తం చూద్దం," అంది సులోచన.

"ఒక్కటి గూడ లేదా బిడ్డా?"

"ఒక్కటి గూడ లేదు."

లచ్చవ్వ బల్ల మీదే కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు యంత్రం పక్కనే నా చోటు. లెక్కపెట్టడానికే పుట్టిన నేను, సున్నా చూపించి అంత మురిసిపోయింది ఆ ఒక్క రోజే.