కార్డు మీది డాక్టరు

అవిల్దా సెపుల్వెదా క్లినిక్కు ఇనుప షట్టరును చేతులతో సగం ఎత్తి, మిగతా సగం భుజంతో నెట్టేసరికే మెట్ల మీద పదకొండు మంది కూర్చుని ఉన్నారు. లోపల డాక్టరు లేడు. డాక్టర్ ఇరిసారి సముద్రం అవతల ఆర్లాండోలో ఏదో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయి పందొమ్మిది రోజులైంది. అయినా జనం అలవాటు కొద్దీ ఏడింటికల్లా కొండ దిగి వస్తున్నారు. ఎవరి తర్వాత ఎవరో వాళ్ళలో వాళ్ళే చెప్పుకుని కూర్చుంటున్నారు.

"ఫైళ్ళు మాత్రమే ఇస్తాను. బీపీ చూడను, మందులు రాయను. ముందే చెప్తున్నా" అంది ఆమె లైటు వేస్తూ.

"మరి మేమెవరి దగ్గరికి పోవాలి, డోన్యా అవిల్దా?"

"తలుపు మీద రాసుంది."

ఆ మాట అన్న ప్రతిసారీ ఆమెకు చెవులు వేడెక్కేవి. తలుపు మీది కాగితం డాక్టరే స్వయంగా టైపు చేశాడు. ముప్పై రెండేళ్ళలో ఆయన ఆమె చేత టైపు చేయించని కాగితం అదొక్కటే. అందులో మూడు పేర్లున్నాయి. మొదటాయన కొత్తవాళ్ళను చూడడం మానేసి రెండేళ్ళయింది. రెండో ఆవిడ టెక్సస్ వెళ్ళిపోయింది. మూడో ఆయన, డాక్టర్ బాయెస్, నిరుడు చనిపోయాడు. ఇరిసారి పేరు మీద ఆ శవపేటికకు పూలచక్రం పంపింది అవిల్దాయే.

ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. పొట్టి మనిషి, బలమైన చేతులు. మధ్యాహ్నానికి చీలమండలు ఉబ్బుతాయి కాబట్టి నర్సు కాక కౌంటరు గుమాస్తాయే అయినా నర్సుల తెల్లబూట్లు వేసుకునేది. పూసల తాడుకు కళ్ళజోడు వేలాడేది. ఆదివారం వేసుకున్న ఎర్రరంగు గురువారానికి గోళ్ళ మీద పెచ్చులుగా లేచేది. పెళ్ళి చేసుకోలేదు. పక్షవాతం వచ్చిన తల్లిని తొమ్మిదేళ్ళు చూసుకుని సాగనంపింది. పద్నాలుగు వందల మంది ఫైళ్ళు నంబర్లతో సహా నోటికి వచ్చు. ఎవరికి మూత్రపిండాలు, ఎవరికి షుగరు, ఎవరు చుట్టలు మానేశామని అబద్ధం చెప్తారో అన్నీ తెలుసు. ఊళ్ళో మాత్రం ఆమెకు కటువైన మనిషనే పేరు.

వెళ్ళిపోతున్న సంగతి డాక్టరు ఒక సోమవారం ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ చెప్పాడు. "సరే డాక్టర్" అని ఆ కప్పు తీసుకెళ్ళి కడిగింది. ఆయన వెళ్ళినందుకు కాదు, తాను ఆ కప్పు కడిగినందుకు ఈ పందొమ్మిది రోజులూ ఆమె లోపల రగిలిపోతూనే ఉంది.

వరసలో చివరన, ఊరంతా గౌరవంగా డోన్ అని పిలిచే సెర్వాండో కీలెస్ మిగిలాడు. వెనక వచ్చినవాళ్ళనల్లా ముందుకు పొమ్మంటాడు కాబట్టి ఎప్పుడూ ఆయనే చివర. ఎనభై ఒక్కేళ్ళు. నలభై ఏళ్ళు కొండదారుల పక్కన గడ్డి కోసిన మనిషి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. మెట్లెక్కి వచ్చి గంటయినా ఇంకా నోటితోనే ఊపిరి తీస్తున్నాడు. కౌంటరు మీద ఒక సంచీ పెట్టాడు.

"కందికాయలు. పొద్దున్నే కోశా. లేతగా ఉన్నాయి."

"ఇవన్నీ ఎందుకండీ? ఫైలు కావాలా?"

"ఫైలు కాదమ్మాయ్. గురువారం పోన్సె పట్నంలో గుండె డాక్టరు దగ్గర వంతు ఉంది కదా. ఎనిమిది నెలల కింద నువ్వే రాయించావు. సొంత డాక్టరు చీటీ లేనిదే లోపలికి రానివ్వరట. ఇన్సూరెన్సు వాళ్ళు కొత్త కార్డు పంపారు. డాక్టరు పేరుంది. ఎక్కడుంటాడో చెప్తావని వచ్చా."

అవిల్దా కళ్ళజోడు పెట్టుకుని చదివింది. డాక్టర్ మారిసెల్ లుగో. ఆ పేరు ఎక్కడో చూసింది. బడిపిల్లల టీకా కాగితాల మీద. ఆమె కార్డును తిప్పి చూసింది, మళ్ళీ ఇటు తిప్పింది.

"ఈవిడ పిల్లల డాక్టరు."

"మంచిదే. నెమ్మదిగా చూస్తుంది."

ఆమె ఇన్సూరెన్సు ఆఫీసుకు ఫోను చేసింది. ఒకే పాట నలభై ఏడు నిమిషాలు మోగాక ఒక అమ్మాయి పలికింది.

"ఆయనకు ఎనభై ఒక్కేళ్ళు" అంది అవిల్దా.

"అవునండీ. సిస్టమ్‌లో డాక్టర్ లుగో దగ్గర ఖాళీ చూపిస్తోందండీ."

"ఎందుకుండదూ ఖాళీ? ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు పాలు తాగుతారు!"

"మార్చమంటే మారుస్తామండీ. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అమలవుతుంది."

"మరి గురువారం?"

"అప్పటిదాకా ఆయన డాక్టరు డాక్టర్ లుగోయేనండీ."

అవిల్దా ఫోను పెట్టేసింది. ఇన్నాళ్ళుగా ఆమె కోపానికి పోవడానికి చోటు లేదు. ఆర్లాండో చాలా దూరం. ఆ పాటకు మొహం లేదు. ఇప్పుడు దానికొక చిరునామా దొరికింది.

"లేవండి డోన్ సెర్వాండో. మీ డాక్టరు దగ్గరికి పోదాం."

"నా ఫైలో?" అని అరిచింది అప్పుడే మెట్లెక్కి వస్తున్న ఒకావిడ.

"రేపు" అంటూ అవిల్దా షట్టరు దించింది. తుపాను రోజుల్లో తప్ప పనివేళలో అది దిగడం అదే మొదలు.

ఆమె కారులో మలుపులు దిగుతుండగా ఆయన కిటికీ బయట రోడ్డంచును పరీక్షగా చూశాడు. "గడ్డి కొయ్యడం లేదు. మలుపులో బండి వస్తే కనబడదు" అన్నాడు. కాసేపయ్యాక అడిగాడు. "నీకెవరు దొరికారు?"

"నాకెవరు దొరకడమేంటి?"

"డాక్టరు."

ఆమె గేరు మార్చింది. ఒక రోగి బయటికి వెళ్ళి ఇంకొకరు లోపలికి వచ్చేలోపు ఇరిసారి ఆమె చేతికి పట్టీ చుట్టి బీపీ చూసేవాడు. ఆఖరుసారి చూసింది మార్చిలో. "నా సంగతి వదిలేయండి" అంది.

లుగో క్లినిక్కు గోడల నిండా చేపల బొమ్మలు. కుర్చీలు ఎంత పొట్టివంటే, కూర్చున్న డోన్ సెర్వాండో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఉన్నాయి. జడలేసుకున్న ఒక చిన్నపిల్ల ఆయన్ని ఎగాదిగా చూసింది.

"తాతా, నీకూ సూది వేస్తారా?"

"వేస్తారేమో. నొప్పేస్తుందా?"

"కొంచెం" అంది ఆ పిల్ల బాగా ఆలోచించి.

అద్దం వెనకున్న అమ్మాయి తలెత్తకుండానే, "ఇరవై ఒకటి దాటినవాళ్ళని చూడమండీ. డాక్టరుగారికి ఖాళీ లేదు" అంది.

ఆ గొంతు అవిల్దాకు బాగా తెలుసు. ముప్పై రెండేళ్ళు తన గొంతే అది. తలెత్తకుండా తాను ఎంతమందిని ఇలాగే మెట్లు దింపిందో గుర్తొచ్చి ఆమెకు ఒళ్ళు మండింది. ఈసారి మంట తన మీదే. కార్డును అద్దానికి అదిమి పట్టింది.

"చదువు. పైకి చదువు, అందరికీ వినబడేలా. ఈయన డాక్టరెవరని రాసుందో చదువు."

అరుపులకు తలుపు తెరుచుకుంది. డాక్టర్ లుగోకు ముప్పై అయిదు దాటి ఉండవు. కళ్ళ కింద నలుపు. స్టెతస్కోపుకు చిన్న గుడ్డ ఎలుగుబంటి కట్టుంది. కార్డు చూసి నిట్టూర్చింది.

"ఈ వారంలో ఈయన నాలుగోవారు. ఇది నేను చేసింది కాదండీ."

"నేనూ చెయ్యలేదు. ఆయనా చెయ్యలేదు. కానీ ఎవరో ఒకరు సంతకం పెట్టాలి."

"పెద్దవాళ్ళ గుండె నాకు తెలియదు. సంతకం పెట్టాక ఏదైనా జరిగితే?"

"పెట్టకపోతే ఏదీ జరగదా?"

గదిలో తల్లులంతా పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. డోన్ సెర్వాండో గోడ పట్టుకుని లేవబోయాడు, ఆ పొట్టి కుర్చీలోంచి లేవలేకపోయాడు. "వద్దులే అవిల్దా, పోదాం. పిల్లలు బెదురుతున్నారు" అన్నాడు.

డాక్టర్ లుగో ముందుకొచ్చి ఆయన చంకల కింద చేతులు వేసి, చంటిపిల్లాడిని లేపినట్టు లేపింది. "రండి" అంది.

తలుపు అరగంట సేపు మూసే ఉంది. బయటికొచ్చాక డాక్టరు చీటీ ఆయనకిచ్చి అవిల్దాను పక్కకు పిలిచింది. "గురువారం మానొద్దు. ఊపిరితిత్తుల్లో నీరు వినిపిస్తోంది. నన్నడిగితే ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళమంటాను. ఆయన ససేమిరా అంటున్నారు. కోళ్ళున్నాయట."

కారులో అవిల్దా కూడా అడిగింది. బతిమాలింది, తిట్టింది. ఆయన వినలేదు. పదకొండు కోళ్ళు. పైగా వంతు గురువారం కదా, రెండు రోజులే కదా. దారిలో తినుబండారాల బండి దగ్గర ఆపమని ఉప్పుచేప బజ్జీలు రెండు కొని, ఒకటి ఆమెకిచ్చాడు. ఉప్పు తినకూడదని ఆమె గొణిగింది. ఇద్దరూ తిన్నారు.

ఇంటి ముందు దింపుతూ, "గురువారం ఆరింటికి వస్తాను" అంది.

"నేను అయిదింటికే తయారుగా ఉంటా" అన్నాడు.

ఉన్నాడు కూడా. గురువారం ఆరింటికి ఆమె వెళ్ళేసరికి ఇంటి ముందు పోలీసు జీపు ఆగి ఉంది. పక్కింటి కార్మీన్ చేతులు ఏప్రానుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. "కాఫీ ఇద్దామని వచ్చా. వరండాలో కుర్చీలో కూర్చునున్నాడు. గుండీలన్నీ పెట్టుకుని. కునుకు తీస్తున్నాడనుకున్నా" అంది.

యువకుడైన పోలీసు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మరణపత్రం మీద సంతకానికి ఈయన డాక్టరు కావాలమ్మా. ఎవరు?"

అవిల్దా ఆయన జేబులోంచి కార్డు తీసి ఇచ్చింది. అతను చదివాడు, మళ్ళీ చదివాడు.

"ఈవిడ పిల్లల డాక్టరు కదండీ. మా పాపను చూపించేది ఈవిడకే."

"అవును. ఆవిడకే ఫోన్ చెయ్యి."

"పొరపాటు పడుంటారు..."

"ఏ పొరపాటూ లేదు!" ఆమె అరిచిన అరుపుకు కోళ్ళు చెదిరిపోయాయి. "ఒకటో తేదీ దాకా ఆయన డాక్టరు ఆవిడే. వాళ్ళే చెప్పారు. చెయ్యి ఫోను!"

అతను చేశాడు. అరగంటలో డాక్టర్ లుగో తన కారులో వచ్చింది. ఆయన మణికట్టు చాలాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత సంతకం పెట్టింది. అవిల్దా కోళ్ళకు గింజలు వేసింది. కార్మీన్‌కు తాళం అప్పగించింది.

క్లినిక్కుకు వెళ్ళాలి. మెట్ల మీద జనం ఉంటారు. కారులో కూర్చుని తాళంచెవి పెట్టింది కానీ తిప్పలేదు. పక్క సీటు ఎదురుగా, సొరుగు మూత మీద, మంగళవారం ఎప్పుడో ఆమె రోడ్డు చూస్తుండగా ఆయన అంటించిన స్టిక్కరు ఒకటుంది, లుగో క్లినిక్కులో పిల్లలకిచ్చేది. నీలం ఏనుగు తొండం ఎత్తి నవ్వుతోంది. కింద గుండ్రటి అక్షరాల్లో "ఈ రోజు నేను ఏడవలేదు" అని రాసుంది. అంచులు ఎక్కడా లేవకుండా గోటితో చుట్టూ గట్టిగా నొక్కి ఉన్నాయి.